రేడియేషన్ పడిన చోట కుట్లు విడిపోయాయి. యాంటీఆక్సిడెంట్ మాత్రలు మొదలుపెట్టచ్చా?

చిన్నతమ్ముడు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకి ఎడమ తొడ లోపలి వైపు గడ్డ వచ్చింది. ముక్క పరీక్షలో సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) అని తేలింది. ముందు రేడియేషన్ ఇచ్చారు. రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రే. తరువాత కొన్ని వారాలు ఆగి ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. తీసిన గడ్డ అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

కుట్లు తీసేనాటికి గజ్జ వైపు చివర కొంచెం తెరుచుకుని ఉంది. మొదట నీళ్లలాంటి రసి కారింది. ఇప్పుడక్కడ బొటనవేలు దూరేంత గుంట. అడుగున పసుప్పచ్చటి పొర పట్టి ఉంది, తుడిస్తే రాదు. చుట్టూ చర్మం నల్లబడింది. నొప్పి పెద్దగా లేదంటాడు. అది మంచికో చెడుకో తెలియక నాకు టెన్షన్.

ఎందుకు మానట్లేదని అడిగితే డ్యూటీ డాక్టరు గారు “రేడియేషన్ పడిన చర్మం కదా, ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంటుంది, టైమ్ పడుతుంది” అని నడుస్తూ నడుస్తూనే చెప్పి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రుళ్లు చదువుతున్నాను. ఫ్రీ రాడికల్స్ కణాలను దెబ్బతీస్తాయి, యాంటీఆక్సిడెంట్లు వాటిని ఆపుతాయి అని ఎక్కడ చూసినా ఉంది. అలాంటప్పుడు విటమిన్ సి, విటమిన్ ఇ, సెలీనియం, గ్లూటాథియోన్ కలిసిన క్యాప్సూల్స్ ఇస్తే గాయం త్వరగా మానాలి కదా? మరి హాస్పిటల్లో ఎవరూ ఎందుకు రాయలేదు?

అన్నయ్యకి షుగర్ ఉంది. సిగరెట్ మానేశానంటాడు, వదిన మాత్రం ఆ మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటుంది. ఇలాంటి గాయం చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హరివిల్లు

తప్పకుండా ఇవ్వండి బ్రదర్. విటమిన్లే కదా, నష్టం ఏముంది? మా బాబాయికి షుగర్ పుండు ఉన్నప్పుడు ఇలాంటి క్యాప్సూల్సే వాడాం. దాంతోపాటు రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడగండి. తెల్లగా నురగ వస్తే లోపల క్రిములు చచ్చినట్టే. నురగ రావడం ఆగేదాకా పోయాలి.

డ్రెస్సింగ్‌రూమ్ సిస్టర్

హరివిల్లు గారూ, ముందు ఆ నురగ సంగతి తేల్చుకుందాం. ఈపాటికి ఎవరో ఒకరు చదివి సీసా మూత తీసే ఉంటారు.

పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చేది క్రిములు చచ్చినందుకు కాదు. మన రక్తంలో, కణాల్లో కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పెరాక్సైడ్ తగలగానే అది దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజన్ బుడగలే మీరు చూసే నురగ. ఎంత శుభ్రమైన గాయంలో పోసినా వస్తుంది, ఆగేదాకా పోయాలంటే సీసాలు చాలవు. సీసాలో ఉండేది 3 శాతం. గాయంలో కొత్తగా పుట్టే కణాలు ఆ ఘాటుకి తట్టుకోవు. మామూలు గాయమైతే ఎలాగోలా తేరుకుంటుంది. రేడియేషన్ పడిన చోట అలాంటి కణాలే కరువు, ఉన్న నాలుగింటినీ రోజూ చంపుకుంటూ పోతే పూడ్చేదెవరు? పైగా లోతైన గుంటలో పోస్తే ఆ గ్యాస్ బయటికి రాక రక్తంలోకి చేరే ప్రమాదం కూడా ఉంది. సెలైన్ చాలు.

ఇంకో తమాషా చూశారా, ఒక చేత్తో యాంటీఆక్సిడెంట్ మింగమన్నారు, రెండో చేత్తో పెరాక్సైడ్ అనే ఆక్సిడెంట్ పోయమన్నారు.

చిన్నతమ్ముడు బాబూ, ఇక మీ అన్నయ్యగారి విషయం. నేను క్యాన్సర్ వార్డు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉద్యోగమంతా గడిపాను. డాక్టర్ని కాదు. గాయం చూడకుండా వైద్యం చెప్పను. కానీ ఏం చూడాలో, ఏం అడగాలో చెప్పగలను.

రేడియేషన్ గాయం విప్పినప్పుడు అందరి కళ్లూ గుంటలోకే పోతాయి. నేను ముందు అంచు చూస్తాను. అంచు పలచగా, ముత్యపు రంగు చారలా లోపలికి దిగుతూ కనిపిస్తే చర్మం పాకుతోందన్నమాట, మందకొడిగానైనా పని జరుగుతోంది. అంచు మందంగా తయారై, లోపలికి ముడుచుకుని ఆగిపోయి ఉంటే ఎన్ని డ్రెస్సింగులు మార్చినా అది అక్కడే ఉంటుంది. డాక్టరు గారు ఆ అంచుని మళ్లీ పచ్చి చేస్తే తప్ప కదలదు. తరువాత అడుగు. మానే గాయం అడుగు ఎర్రగా, తడిగా, గింజలు గింజలుగా ఉంటుంది. రేడియేషన్ పడిన చోట ఆ ఎరుపు సరిగా రాదు. పాలిపోయి, మెరుపు లేకుండా, వారం తరువాత చూసినా అలాగే ఉంటుంది. మీరు చెప్పిన పసుప్పచ్చటి పొరని స్లఫ్ అంటాం. చాలామంది చీము అనుకుంటారు. అది చచ్చిన కణజాలం, అతుక్కుని ఉంటుంది, తుడిస్తే రాదు. అది ఉన్నంతకాలం కింద కొత్త కండ పుట్టదు, క్రిములకి మాత్రం మంచి నివాసం. దాన్ని తీయాల్సింది చేయి తిరిగినవాళ్లే. మీది తొడ లోపలి వైపు, గజ్జ పక్కన. అక్కడ పెద్ద రక్తనాళం దగ్గరలోనే ఉంటుంది. ఇంట్లో గీకే సాహసం చేయకండి.

నొప్పి లేదన్నారు. ఆపరేషన్‌లో చర్మపు నరాలు కొన్ని తెగుతాయి, దానికి షుగర్ తోడైంది. కాబట్టి నొప్పి లేకపోవడాన్ని ఏ లెక్కలోనూ వేయకండి. జ్వరం, చెడు వాసన, చుట్టూ ఎరుపు పాకడం, కాలు వాపు, వీటిని చూడండి. అన్నిటికంటే ముఖ్యం, డ్రెస్సింగ్ మీద ఒక్కసారిగా తాజా ఎర్రటి రక్తం కొంచెం కనపడి ఆగిపోయినా సరే, ఆగిపోయింది కదా అని ఊరుకోకండి. గట్టిగా అదిమి పట్టి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ముందు కొంచెం కారి ఆగి, తరువాత పెద్దగా వచ్చే సందర్భాలు ఉన్నాయి.

మీరు అడగని విషయం ఒకటి. టేపు. గాయం కంటే ఎక్కువగా నేను టేపుతోనే పోట్లాడాను. రేడియేషన్ పడిన చర్మం మీద మామూలు టేపు అంటించి పీకితే పైపొర దాంతోపాటే లేచి వస్తుంది, ఒక గాయం కాస్తా రెండవుతుంది. గాయానికి అంటుకోని సిలికాన్ డ్రెస్సింగ్ పెట్టి, పైన బ్యాండేజీ చుట్టమనండి. టేపు వేయక తప్పకపోతే నల్లబడిన చర్మం దాటాక, మామూలు చర్మం మీద వేయాలి.

మాత్రలకి వద్దాం. “నష్టం ఏముంది” అన్న మాటకి ఒక పాత లెక్క ఉంది. కెనడాలో తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 540 మందితో ఒక ట్రయల్ చేశారు. సగం మందికి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చారు. బీటా కెరోటిన్‌ని మధ్యలోనే ఆపేసి విటమిన్ ఇ కొనసాగించారు. 2005లో ఫలితాలు వచ్చాయి. మాత్రలు తీసుకున్నవాళ్లలో రేడియేషన్ బాధలు కొంత తగ్గిన మాట నిజమే. కానీ క్యాన్సర్ మళ్లీ రావడం వాళ్లలోనే ఎక్కువ వైపు మొగ్గింది. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది కూడా చాలావరకు ఆ రాడికల్స్‌తోనే. కవచం వేస్తే మంచి కణానికీ, క్యాన్సర్ కణానికీ కూడా వేసినట్టే. మీ అన్నయ్యగారికి రేడియేషన్ అయిపోయింది కాబట్టి ఆ భయం ఇప్పుడు నేరుగా వర్తించదు. కానీ ఇంకా రేడియేషన్ గానీ కీమో గానీ ఇచ్చే ఆలోచన ఉందేమో మీరు చెప్పలేదు. ఏ డబ్బా కొన్నా లేబుల్ ఫొటో తీసి ఆంకాలజిస్టుకి చూపించకుండా ఇవ్వకండి.

ఆ డబ్బాకి పెట్టే శ్రద్ధలో సగం షుగర్ మీద పెట్టండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చివరిసారి ఎప్పుడు చూశారు? రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతుంది? ఆకలి లేక సరిగా తినట్లేదా? గాయం ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరం. కిడ్నీ సమస్య ఉంటే ఆ లెక్క డాక్టరు మార్చాలి. సిగరెట్ విషయంలో నేను వదినగారి పక్షం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట కూర్చుంటుంది, నికోటిన్ సన్న రక్తనాళాలని బిగిస్తుంది. అసలే రక్తం అందక ఏడుస్తున్న చోట ఒక్క సిగరెట్ చేసే నష్టాన్ని మీ క్యాప్సూల్ పూడ్చలేదు. ఈ మాట నా పేరు చెప్పి ఆయనకి చదివి వినిపించండి.

పెట్రీడిష్

సిస్టర్ గారు చెప్పినదానికి వైద్యపరంగా నేను కలిపేదేమీ లేదు. నా పని ల్యాబ్‌లో కణాలు పెంచడం. డాక్టరు గారు నడుస్తూ వదిలేసి వెళ్లిన ఆ మాట గురించి చెబుతాను, ఎందుకంటే అందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది, కిరణం పడిన క్షణం. కణంలో ఎక్కువ భాగం నీరే. ఎక్స్ కిరణం తగిలి నీటి అణువు విరిగితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. డీఎన్ఏకి తగిలే దెబ్బల్లో సుమారు మూడింట రెండు వంతులు దీని పుణ్యమే. కణం లోపల దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలో ఉంటుంది. పుట్టిన చోటు నుంచి కొన్ని నానోమీటర్లు కూడా దాటి పోలేదు. అంటే మీ అన్నయ్యగారు ప్రతి సిట్టింగ్‌లోనూ టేబుల్ దిగకముందే ఆ రాడికల్స్ కథ ముగిసింది. ఈరోజు మింగే మాత్రకి పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగిలి లేదు. ఎక్కువ ఆక్సిజన్ పీల్చితే వచ్చే విషప్రభావానికీ ఎక్స్ కిరణాల దెబ్బకీ మూలం ఒకటే, ఈ ఫ్రీ రాడికల్సే అని రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు 1954లోనే సైన్స్ పత్రికలో రాశారు. అర్జెంటీనా శాస్త్రవేత్త. దక్కాల్సినంత పేరు ఆమెకి దక్కలేదని నా అభిప్రాయం.

రెండోది, నెలల తరబడి సాగేది. మీ డాక్టరు గారు అన్నది దీని గురించే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటే వాటి నుంచి ఎలక్ట్రాన్లు జారి ఆక్సిజన్ మీద పడి సూపర్ ఆక్సైడ్ అనే రాడికల్‌ని పుట్టిస్తూ ఉంటాయి. మంటని ఆర్పడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో ఇంకొంత చేస్తాయి. కణాల మధ్య నిద్రావస్థలో ఉండే టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రోటీన్ ఈ ఆక్సీకరణకి మేలుకుంటుంది. అది మేలుకుంటే కొల్లాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి, అవసరం ఉన్నా లేకపోయినా కొల్లాజెన్ పోస్తూ ఉంటాయి. అదే ఫైబ్రోసిస్, అంటే కణజాలం గట్టిపడటం. ఇంకోపక్క సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, గోడలు మందమై, దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గితే రాడికల్స్ కూడా తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ అరకొర ఆక్సిజన్‌తో నడిచే మైటోకాండ్రియా ఇంకా ఎక్కువ లీక్ చేస్తుంది. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

అలాగని రాడికల్స్ అన్నింటినీ ఊడ్చేద్దామా అంటే, గాయం మానడానికి అవే కావాలి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం క్రిమిని మింగాక చంపేది సూపర్ ఆక్సైడ్, దాన్నుంచి పుట్టే పెరాక్సైడ్ లాంటి వాటితోనే. దాన్ని చేసే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ పుట్టుకతో పనిచేయని పిల్లలకి క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే జబ్బు ఉంటుంది, ఇన్‌ఫెక్షన్లు వాళ్లని వదలవు. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పని నాకు బాగా నచ్చుతుంది. జీబ్రాఫిష్ పిల్ల ఒళ్లు గాజులా పారదర్శకం. దాని తోక చివర కత్తిరించి మైక్రోస్కోపులో చూశారు. కొన్ని నిమిషాల్లోనే తెగిన అంచు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికి వ్యాపిస్తూ కనపడింది. తెల్ల రక్తకణాలు అప్పటికి ఇంకా బయల్దేరలేదు. పెరాక్సైడ్ పుట్టింది చర్మ కణాల్లోనే, తెల్ల కణాలు ఆ జాడ పట్టుకుని వచ్చాయి. పెరాక్సైడ్ పుట్టకుండా ఆపితే కణాలు రాలేదు. శరీరం ఇందుకు వాడే మోతాదు మైక్రోమోలార్లలో, అంటే అతి పలచగా ఉంటుంది. 3 శాతం సీసాలో ఉండేది దానికి వేల రెట్లు.

విటమిన్ సి మీద ఒక మాట. కొల్లాజెన్‌ని గట్టిపరిచే ఎంజైముకి ఆక్సిజన్, ఇనుము, విటమిన్ సి మూడూ కావాలి. లోపం ఉంటే స్కర్వీలో పాత గాయాలు కూడా తెరుచుకుంటాయి. కాబట్టి లోపాన్ని పూడ్చడం సబబే. లోపం లేని మనిషికి గుప్పెడు మింగిస్తే ఆ ఎంజైమ్ అదనంగా చేసేదేమీ లేదు.

నీలాంబరి

నాది రొమ్ము రేడియేషన్ కథ, కాబట్టి తొడ గాయానికి పూర్తిగా సరిపోదు. అయినా యాంటీఆక్సిడెంట్ మాట వచ్చింది కనక రాస్తున్నాను. రేడియేషన్ అయిన కొన్నేళ్లకి నా ఛాతీ మీద చర్మం పలచబడి, ఎర్రటి సన్న రక్తనాళాలు సాలెగూడులా పైకి తేలాయి. కింద మాత్రం గట్టిగా, పట్టుకుంటే కదలకుండా అయిపోయింది. హ్యాండ్‌బ్యాగ్ పట్టీ ఒరుసుకుని చిన్న గీత పడితే అది పుండై కూర్చుంది. మా డాక్టరు గారు ముందు చేసిన పని అది క్యాన్సర్ తిరగబెట్టడం కాదని తేల్చుకోవడం. పాత రేడియేషన్ చర్మం మీద మానని పుండు ఉంటే అది చూడాల్సిందేనట. కానీ ముక్క తీసిన చోటు కూడా మానకపోవచ్చు కాబట్టి స్కాన్ చూసి, ఆలోచించి, ఒకే ఒక్క చోట చిన్న ముక్క తీశారు.

తరువాత నాకు పెంటాక్సిఫిల్లిన్ (రక్తప్రసరణకి వాడే మందు), విటమిన్ ఇ కలిపి రాశారు. ఇది గట్టిపడిన చర్మానికి ఇచ్చే మందు. తెరుచుకున్న గాయాన్ని పూడ్చే మందు అని ఎవరూ నాకు చెప్పలేదు. దీని మీద 2003లో ఫ్రాన్స్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది. రోజుకి 800 మిల్లీగ్రాముల పెంటాక్సిఫిల్లిన్, 1000 యూనిట్ల విటమిన్ ఇ, ఆరు నెలలు. రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో గట్టిదనం తగ్గింది. కానీ ఆ ట్రయల్‌లో ఉన్నది పాతికమంది లోపే. మరుసటి ఏడు బ్రిటన్‌లో అంతకంటే ఎక్కువమందితో చేస్తే లాభం కనపడలేదు. నా చర్మం కొంచెం మెత్తబడిందని నాకు అనిపించింది, మా వారికి అనిపించలేదు. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా దీని జోలికి పోకూడదు.

హైపర్‌బారిక్ ఆక్సిజన్ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. రెట్టింపు లేదా రెండున్నర రెట్ల వాతావరణ పీడనంలో గంటన్నర సేపు శుద్ధమైన ఆక్సిజన్ పీల్చడం, అలా 30 నుంచి 40 సార్లు. నెదర్లాండ్స్‌లో నాలాంటి రొమ్ము రేడియేషన్ వాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. పూర్తిగా తీసుకున్నవాళ్లలో నొప్పి, గట్టిదనం తగ్గాయి. కానీ ఇస్తామన్నవాళ్లలో ఒప్పుకున్నది నాలుగో వంతు మందే, రోజూ వెళ్లి ఆ గదిలో కూర్చోవడం అంత భారం మరి. రేడియేషన్ పడిన దవడ ఎముక విషయంలో 2019లో వచ్చిన ట్రయల్లో అయితే పన్ను పీకే ముందూ తరువాతా ఇచ్చినా లాభం లేదని తేలింది. అన్నిటికీ ఒకటే సమాధానం కాదు. నేను తీసుకోలేదు. గాలి చొరబడని గది అంటే నాకు చచ్చేంత భయం.

చిన్నతమ్ముడు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సిస్టర్ గారూ, మీ మాటలు అన్నయ్యకి చదివి వినిపించాను. సిగరెట్ దగ్గరికి వచ్చేసరికి వదిన లోపల్నుంచి “మళ్లీ చదువు” అంది.

క్యాప్సూల్స్ కొనడం ఆపేశాను. హెచ్‌బీఏ1సీ 9 దాటి ఉంది, ఇన్సులిన్ మార్చారు. ఇంకా రేడియేషన్ గానీ కీమో గానీ లేవట, స్కాన్లతో గమనిస్తే చాలన్నారు. సర్జన్ గారు స్లఫ్ కొంత తీసి, ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించమన్నారు, ఫ్లాప్ వేయాల్సి రావచ్చట. స్కిన్ గ్రాఫ్ట్ అంటే చర్మం అతికించడమని తెలుసు, ఈ ఫ్లాప్ ఏమిటి? చర్మం అతికిస్తే సరిపోదా?

ఇంకొకటి, ఇది అడగకుండా ఉండలేకపోతున్నాను. గాయం మానదని తెలిసి కూడా ముందే రేడియేషన్ ఎందుకిచ్చారు? గడ్డ తీసేసి, గాయం మానాక ఇచ్చుంటే ఈ బాధ ఉండేది కాదు కదా? ఎవరి మీద కోప్పడాలో తెలియట్లేదు.

డ్రెస్సింగ్‌రూమ్ సిస్టర్

కోపం సహజమే బాబూ. కానీ ఇందులో ఎవరూ కళ్లు మూసుకుని చేసింది లేదు.

మీరు అడిగిన ప్రశ్ననే కెనడా వాళ్లు ట్రయల్‌గా చేసి 2002లో ఫలితం చెప్పారు. చేతులు, కాళ్లలో సార్కోమా ఉన్నవాళ్లని రెండు గుంపులు చేశారు. ముందు 50 గ్రే ఇచ్చి ఆపరేషన్ చేసినవాళ్లలో 35 శాతం మందికి గాయం సమస్యలు వచ్చాయి. ఆపరేషన్ చేశాక 66 గ్రే ఇచ్చినవాళ్లలో 17 శాతం మందికి. సగానికి సగం తేడా. చేతుల్లో ఈ గొడవ చాలా తక్కువ, కాళ్లలోనే, అందులోనూ తొడలో ఎక్కువ. అంటే మీ అన్నయ్యగారిది గొడవ ఎక్కువగా వచ్చే చోటే.

మరి అయినా ముందే ఎందుకిస్తారంటే, గడ్డ లోపల ఉండగా ఇస్తే గురి చూసి తక్కువ జాగాలో, తక్కువ డోసుతో పోతుంది. తీసేశాక ఇస్తే కత్తి తగిలిన చోటల్లా, కుట్లు, రసి బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టం పెట్టిన రంధ్రం అన్నీ కలుపుకుని పెద్ద జాగాకి, ఎక్కువ డోసు ఇవ్వాలి. దాని ఫలితం రెండేళ్ల తరువాత తెలుస్తుంది. కాలు గట్టిపడటం, కీలు బిగుసుకోవడం, వాపు, ఇవి తరువాత ఇచ్చినవాళ్లలోనే ఎక్కువ వైపు కనిపించాయి. గాయం సమస్యకి మనం ఏదో ఒకటి చేయగలం. బిగుసుకుపోయిన కాలుకి చేయగలిగింది తక్కువ. ఆ లెక్క వేసుకునే ముందు ఇస్తారు. ఇదంతా ముందుగా కూర్చోబెట్టి మీకు చెప్పి ఉండాల్సింది. ఆ విషయంలో మీ కోపం న్యాయమే.

గ్రాఫ్ట్, ఫ్లాప్ తేడా. గ్రాఫ్ట్ అంటే పలచగా చెక్కి తెచ్చిన చర్మం. దానికి సొంత రక్తం ఉండదు. మొదటి రోజుల్లో కింది నేల నుంచి ఊరే తేమతోనే బతికి, తరువాత ఆ నేల నుంచి రక్తనాళాలు పట్టుకోవాలి. ఎండిపోయిన మడిలో నారు నాటితే ఏమవుతుందో రేడియేషన్ పడిన అడుగు మీద గ్రాఫ్ట్‌కి తరచుగా అదే అవుతుంది. ఫ్లాప్ అలా కాదు. రేడియేషన్ తగలని చోటు నుంచి కండని, చర్మాన్ని దాని రక్తనాళంతో సహా తెచ్చి గుంటలో పెడతారు. రక్తం వెంట తెచ్చుకుంటుంది కాబట్టి ఈ పాత చర్మం దయాదాక్షిణ్యాల మీద ఆధారపడదు. గజ్జ దగ్గరి గుంటలకి పొట్ట కండరం నుంచో, రెండో తొడ నుంచో తెచ్చినవి నేను చూశాను. ఆపరేషన్ పెద్దదే, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ డ్రెస్సింగులతో నెలలు లాగి లాగి చివరికి అక్కడికే వచ్చినవాళ్లని చూశాక, ముందే చూపించమన్న మీ సర్జన్ మీద నాకు మంచి అభిప్రాయమే కలిగింది.

ఈలోపు వ్యాక్ మెషిన్ పెట్టమంటారేమో. గుంటలో స్పాంజి పెట్టి, పైన షీటు అంటించి, గొట్టంతో సన్నగా పీలుస్తూ రసిని లాగేస్తుంది. మంచి పరికరమే. స్లఫ్ పూర్తిగా తీశాకే పెట్టాలి. పెద్ద రక్తనాళం బయటపడి ఉంటే దాని మీద నేరుగా పెట్టకూడదు. ఆ షీటు కూడా జిగురుదే కాబట్టి తీసేటప్పుడు సెలైన్‌తో తడుపుతూ, చర్మాన్ని అదిమి పట్టి, మెల్లగా తీయమని గుర్తుచేయండి.

ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. రేడియేషన్ డిపార్ట్‌మెంట్‌లో అడిగి ప్లాన్ ప్రింటు తీసుకోండి, రంగుల గీతలతో ఉంటుంది. ఏ భాగం మీద ఎంత డోసు పడిందో, ఎక్కడ పడలేదో అందులో ఉంటుంది. ఫ్లాప్ ఎక్కడి నుంచి తీయాలో ఆయన నిర్ణయించేది అది చూసే. కొందరు అడక్కపోతే ఇవ్వరు, అడిగి తీసుకోండి.